ఫ్యామిలీ ట్రీలో లేని అమ్మ

పోయిన సంక్రాంతికి నిజామాబాద్ వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌లో మా ఫ్యామిలీ ట్రీ తయారు చేశా. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, ‘‘మా అమ్మ ఏదిరా?’’ అంది. పేరు చూపించా. ‘‘ఈమె చిన్నమ్మ. అమ్మ ఏది?’’

అప్పుడు వెలిగింది. మా ముత్తాతకు ఇద్దరు భార్యలు, అక్కాచెల్లెళ్లు. మేమంతా చిన్నావిడ సంతానం. ఆ ఇంట్లో పిల్లలు పెద్దావిడనే ‘అమ్మ’ అనేవాళ్లు, కన్నతల్లిని ‘చిన్నమ్మ’ అనేవాళ్లు. పెద్దావిడకు పిల్లల్లేరు. కిందికి గీత గీయడానికి ఎవరూ లేరని ఆమెను నేను పెట్టనేలేదు.

కాలువ వెంట వచ్చిన కాపురం

మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆయకట్టు సుమారు 2.75 లక్షల ఎకరాలు. కాలువ సాగు తెలిసిన రైతులు కోస్తా జిల్లాల నుంచి బోధన్, వర్ని, కోటగిరి వైపు వచ్చి భూములు కొనుక్కున్నారు. వాళ్లు దిగిన చోట్లను ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ రావడంతో చెరుకు పెరిగింది.

అప్పట్లోనే పెద్ద తాతమ్మ భర్తతో రైల్లో నిజామాబాద్‌లో దిగి, ఎడ్లబండి ఎక్కి వచ్చిందట. తడికల గుడిసె, చలిజ్వరం, చెరుకులో అడవి పందుల కాపలా. పదేళ్లయినా కడుపు పండలేదు. పుట్టింటికి వెళ్లి చెల్లెల్ని తీసుకొచ్చింది తనే.

మా ఇంట్లో దీన్ని త్యాగం కథలా చెబుతారు. ‘దగ్గరుండి పెళ్లి చేసింది, దేవత’ అంటారు. ‘‘ఆమె వద్దంటే ఏమయ్యేది?’’ అని అడిగా. అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి, ‘‘వేరే పిల్ల వచ్చేది. చెల్లెలైతే ఇంట్లోంచి వెళ్లగొట్టదు కదా’’ అంది.

ఇద్దరికీ కలిపి ఒక్క వాటా

కాలువలు తవ్వుకుని ఎడారిని సాగులోకి తెచ్చిన అమెరికా మోర్మన్ల ఇళ్లలోనూ ఇలా ఇద్దరు ముగ్గురు భార్యలు ఉండేవారు. వాళ్ల చర్చి 1890లో ఇక ఇలాంటి పెళ్లిళ్లు వద్దని ప్రకటించింది. మన దగ్గర 1955 హిందూ వివాహ చట్టంతో రెండో పెళ్లి నేరమైంది. అంతకుముందు జరిగినవి మాత్రం చెల్లుతాయి.

1956 హిందూ వారసత్వ చట్టంలో ఇంకో రూలుంది. వీలునామా లేకుండా చనిపోయిన మనిషికి ఇద్దరు భార్యలుంటే, ఇద్దరికీ కలిపి ఒక్క వాటానే. ముత్తాత పోయేనాటికి సొంతంగా సంపాదించిన 8 ఎకరాలున్నాయి, ముగ్గురు పిల్లలు. లెక్క ప్రకారం పిల్లలకు తలా 2 ఎకరాలు, మిగతా రెండింట్లో పెద్ద తాతమ్మకు ఒకటి. కానీ కాగితాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. ఆ ఎకరం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆమె కూడా అడగలేదు.

ఆ చెరుకు ఎకరాల్లో ఇప్పుడు వరి వేస్తున్నారు. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది.

ఆ రాత్రి ముత్తాత పక్కన ఇంకో గడి పెట్టి ఆమె పేరు రాశా. పిల్లల సంఖ్య దగ్గర సున్నా టైప్ చేశా. పక్కనే కూర్చున్న అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

‘‘ముగ్గురు అని రాయి.’’