చిలుకలోని ప్రాణం, కొయ్యలోని కాపరి

మాయల ఫకీరు ప్రాణం ఎక్కడున్నదో చిన్ననాట వినని తెలుగువారు అరుదు. ఏడు సముద్రాల ఆవల ఒక దీవి, ఆ దీవిలో ఒక చిలుక, ఆ చిలుకలో ఫకీరు ప్రాణం. బాలవర్ధిరాజు ఆ చిలుకను చేజిక్కించుకొన్న తరువాతనే తల్లి బాలనాగమ్మకు చెర వీడినది. జెమినీ సంస్థ 1942లో దీనిని చలనచిత్రంగా తీయగా కాంచనమాల బాలనాగమ్మగా నటించారు.

ఉద్యోగరీత్యా అండమానులో కాపురముంటున్న మాకు ఈ కథతో ఒక చిక్కు వచ్చినది. "ఆ దీవి ఇదేనా?" అని పిల్లలు అడుగుతారు.

ఒకనాడు వారిని పోర్టుబ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురం) లోని మానవశాస్త్ర ప్రదర్శనశాలకు తీసుకొని వెళ్ళాము. నికోబారీల మంత్రశిల్పాల ముందు నిలబడగానే "రాక్షసుడు!" అని మా చిన్నది వెనుకకు తగ్గినది. మేమూ అట్లే అనుకొన్నామని ఒప్పుకొనక తప్పదు.

అసలు సంగతి వేరు. వ్యాధికి దుష్టాత్మలే కారణమని నికోబారు మధ్య దీవులవారు పూర్వం నమ్మేవారు. రోగిని కాపాడవలసినవాడు 'మెన్లువానా' అనే మాంత్రిక వైద్యుడు. ఆ ఆత్మలను బెదరగొట్టుటకు కొయ్య బొమ్మలు చెక్కించేవారు. వీటిని 'హెంతాకోయి' అనీ, మనుష్యరూపంలో ఉన్నవాటిని 'కరేయావ్' అనీ పిలిచేవారు. 19వ శతాబ్దం చివర ఈ దీవులలో పనిచేసిన అధికారి ఎడ్వర్డ్ హోరేస్ మాన్ ఈ ఆచారాలను గ్రంథస్థం చేశారు. రోగి కోలుకొంటే బొమ్మ ఆ ఇంటనే కాపరిగా నిలిచేది. మరణిస్తే పనికిమాలినదని పారవేసేవారు. ఫకీరు తన ప్రాణాన్ని మరొక జీవిలో దాచుకొన్నాడు. ఇక్కడ బొమ్మ బ్రతుకే మరొకరి ప్రాణంపై ఆధారపడినది. ఏ మాంత్రికుడూ ఇంత కఠినమైన ఒడంబడికకు ఒప్పుకొని ఉండడు!

కట్టుచున్న ఇంటికి మనం వ్రేలాడదీసే దిష్టిబొమ్మ కూడ కోరలు చూపునదే కదా. దానిని రాక్షసుడని ఎవరమూ పారిపోము.

ఊరిని పట్టిన పీడలను తెరచాప కట్టిన చిన్న పడవలోకి ఎక్కించి సముద్రంలోకి త్రోసివేయుట కూడ నికోబారులో ఉండేది. నేడు నికోబారీలలో అధికులు క్రైస్తవులు.

ఇప్పుడు మా ఇంట బాలవర్ధిరాజు దీవిలో దిగగానే కరేయావ్ ఎదురవుతున్నది. అది చిలుకకు కాపలాయో, పిల్లవానికి తోడో మా చిన్నది ఇంకా తేల్చలేదు. అంతవరకు కథ అక్కడే ఆగినది.