మైటోకాండ్రియా వాకిలి

పాఠ్యపుస్తకంలో మైటోకాండ్రియా బొమ్మ చూడండి. లోపలి పొర మడతలు మడతలుగా ఘనంగా ఉంటుంది, బయటి పొర మాత్రం ఒట్టి గీత. ఆ గీతలో ఒక వాకిలి ఉందని 1976లో తేలింది. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో షైన్, కొలంబినీ, ఫింకెల్‌స్టైన్ పారమీషియం మైటోకాండ్రియా నుంచి ప్రొటీన్ తీసి, పల్చటి కృత్రిమ కొవ్వు పొరకు అందించారు. పొరలో కరెంటు మెట్లు మెట్లుగా పెరిగింది. ఒక్కో మెట్టు అంటే ఒక్కో రంధ్రం తెరుచుకున్నట్టు. వోల్టేజి పెంచితే అవే రంధ్రాలు కుంచించుకుపోయాయి. ఆ ప్రొటీనే వీడ్యాక్.

మైటోకాండ్రియాలో తయారైన, కణానికి శక్తినిచ్చే ఏటీపీ బయటికి రావాలన్నా, దాన్ని వాడాక మిగిలే ఏడీపీ తిరిగి లోపలికి పోవాలన్నా ప్రధానమైన దారి ఇదే. 2008లో మూడు బృందాలు దీని ఆకారాన్ని వెలికితీశాయి. 19 ప్రొటీన్ పట్టీలు చుట్టూ చేరి గొట్టంగా నిలుస్తాయి, ప్రొటీన్ మొదటి కొస ఆ గొట్టం లోపలికే మడుచుకుని ఉంటుంది. బ్యాక్టీరియా గొట్టాల్లో అప్పటిదాకా చూసినవన్నీ సరిసంఖ్యలే కాబట్టి ఈ బేసిసంఖ్య అందర్నీ ఆశ్చర్యపరిచింది.

ఈ వాకిలి ఉన్న చోటు మాత్రం ప్రశాంతమైనది కాదు. లోపలి పొరలో ఎలక్ట్రాన్లు చేతులు మారేటప్పుడు కొన్ని జారిపోయి ఆక్సిజన్‌కు తగులుకుంటాయి. అలా పుట్టిన సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ గంధకం ఉన్న అమైనో ఆమ్లాలను, అంటే మెథియోనిన్, సిస్టీన్‌లను సులువుగా పట్టుకుంటాయి. మెథియోనిన్‌కు ఒక ఆక్సిజన్ అంటితే దాన్ని విడిపించే ఎంజైములు కణంలో ఉన్నాయి. సిస్టీన్ మూడు ఆక్సిజన్లు పట్టుకుందంటే ఇక వెనక్కి తిరగదు. ఇటలీలోని కటానియా విశ్వవిద్యాలయంలో వీటో డి పింటో బృందం ఎలుక కాలేయంలోని వీడ్యాక్‌లను పరీక్షించి, ఈ రెండు రకాల మార్పులనూ చూసింది.

మనిషిలో వీడ్యాక్‌లు మూడు. మొదటిదానిలో సిస్టీన్లు 2, రెండోదానిలో 9, మూడోదానిలో 6. నాకు ఆసక్తి అంతా మూడోదాని మీదే. చాలాకాలం దాన్ని పనికిరాని తోబుట్టువుగా చూశారు, ఎందుకంటే కృత్రిమ పొరలో అది కరెంటును సరిగా పోనిచ్చేది కాదు. 2015లో జపాన్ పరిశోధకులు కారణం చూపించారు. దాని మొదటి కొసలో ఉన్న సిస్టీన్, గొట్టం అడుగున 122వ స్థానంలోని సిస్టీన్‌తో గంధకపు బంధం వేసుకుంటుంది. అంటే కొస కదలకుండా కట్టుబడిపోతుంది. ఆ బంధాన్ని తొలగిస్తే చానెల్ పనిచేసింది.

ఆక్సీకరణ అనగానే నష్టమనుకోవడం అలవాటైపోయింది. ఇక్కడ మాత్రం అది వాకిలిని బిగించే మీట కూడా కావచ్చు. చుట్టూ ఆక్సీకరణ ఎంత ఉందో కనిపెట్టే పని ఈ మూడో వీడ్యాక్‌దేనని కటానియా బృందం వాదన. నాకది బలమైన వాదనగానే తోస్తుంది. ఈ ప్రొటీన్ పనికిరానిది కాదనడానికి 2001లోనే సాక్ష్యం దొరికింది: దాని జన్యువు తీసేసిన మగ ఎలుకల వీర్యకణాలు సరిగా ఈదలేకపోయాయి, వాటికి పిల్లలు పుట్టలేదు.