కార్తీక సోమవారం, షుగరు మాత్ర

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో మా ఇంటికి ఒకపక్క గోదాములు, మరోపక్క మా ఆవిడ లెక్కలు చెప్పే బడి. పొగకి అలారం మోగుతుందని అగరొత్తులు మానేసి, వంటింటి అలమరలో చిన్న దీపం పెడుతుంది. 2022లో జెబెల్ అలీలో కొత్త గుడి తెరిచాక కార్తీకమాసానికి కాస్త కళ వచ్చింది.

కిందటేడు ఓ కార్తీక సోమవారం ఉపవాసముండి, షుగరు మాత్ర మాత్రం మామూలుగా వేసుకుని బడికెళ్ళింది. మూడో పీరియడ్‌లో చెమటలు పట్టి, చేతులు వణికి, కూలబడిపోయింది. పక్క క్లాసు ఈజిప్టు టీచరమ్మ పరుగున వచ్చి పళ్ళరసం తాగించింది. "నాకూ షుగరే. రంజానుకి ఆరేడు వారాల ముందే డాక్టరుని కలుస్తాను. మీరు అడగరా?" అందట.

మేమెప్పుడూ అడగలేదు. బీమా లేక కాదు. 2013 నాటి చట్టం ప్రకారం దుబాయ్‌లో ఉద్యోగికి యజమానే ఆరోగ్యబీమా చేయించాలి. (ఇంట్లోవాళ్ళది మాత్రం వీసా ఇప్పించిన మన బాధ్యతే, మరిచిపోకండి.) డాక్టరు దగ్గర దేవుడి మాటెందుకని మొహమాటం, అంతే.

డాక్టరుగారు నవ్వలేదు. కొన్ని మాత్రలు ఖాళీ కడుపున షుగరుని బాగా పడేస్తాయనీ, 70 కిందికి దిగితే ఉపవాసం వెంటనే విరమించాలనీ చెప్పారు. మాత్రల మోతాదు మార్చి, పాలూ పళ్ళూ తీసుకోమన్నారు.

ఊళ్ళో అమ్మకి ఫోనులో ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. "నేనూ అడుగుతానురా" అంది. ఆవిడకి ఇరవయ్యేళ్ళుగా షుగరు.