సొంత సైన్యాన్ని బలి ఇస్తే గెలుపెలా?

రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా 1993లో విడుదలైన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ కార్డుల ఆటలో మామూలుగా చెరో 20 లైఫ్ పాయింట్లు. ఎదుటివాళ్ళవి సున్నా చేస్తే గెలుపు. మరి మన తరఫున పోరాడే జీవుల (క్రీచర్ కార్డుల)ని మనమే ఎందుకు చంపుకోవడం?

‘బ్లడ్ ఆర్టిస్ట్’ కార్డు బల్ల మీద ఉందనుకోండి. ఏ జీవి చచ్చినా ఎదుటివాళ్ళకి ఒక పాయింటు పోయి, మనకొకటి వస్తుంది. ‘విసెరా సీర్’ అనే మరో కార్డు పైసా ఖర్చు లేకుండా మన జీవుల్ని బలి తీసుకుంటుంది. దానికి ‘డూమ్డ్ ట్రావెలర్’ అనే జీవిని అప్పగించండి. వాడు పోతూ పోతూ ఎగిరే ఆత్మనొకదాన్ని వదిలి వెళ్తాడు. అదీ ఓ జీవే కాబట్టి దాన్నీ బలిచ్చేయండి. ఒక్క కార్డుతో రెండు దెబ్బలు!

60 కార్డుల డెక్‌లో ఇలాంటివి ఒక్కోటి నాలుగుకు మించకూడదు. కొత్తవాళ్ళు బలి తీసుకునే కార్డులే ఎక్కువ పేర్చేసి, తీరా బలికి జీవుల్లేక దిక్కులు చూస్తారు. చవక జీవులే ఎక్కువుండాలి. కార్డుల రంగులు నలుపు, తెలుపు చాలు. మిగతా కార్డులు ఆడేందుకు శక్తినిచ్చే ల్యాండ్ కార్డులు 24 దాకా పెట్టుకోండి.