నేతవారి యిండ్లకు పూలటైళ్ళు

మహారాష్ట్రమున ఠాణే జిల్లాలోని భివండి పట్టణమందు పద్మనగర్ తెలుగు నేతవారి నివాసమని మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల చేమగ్గములను విడిచి సాంచాల పనికై వచ్చిన పద్మశాలి కుటుంబములు అచ్చట స్థిరపడినవి. అట్టి కుటుంబము రెండు గదుల యిల్లు కట్టుకొన్నను, పాతయింటిని బాగుచేసికొన్నను తప్పక యెదురగు ప్రశ్న నేలను గూర్చినది. గోడల రంగు నాలుగేండ్లకొకమారు మార్చుకొనవచ్చును. నేల యట్లు కాదు. ఒకమారు పరచినచో ఒక తరము దానిమీదనే నడువవలెను. ఇటీవల పూలటైళ్ళపై మక్కువ మరల హెచ్చినది. అయితే బజారులో ఆ పేరుతో అమ్మబడునవి రెండు వేర్వేరు వస్తువులు. వాని భేదమును నేతవారికి నేత మాటలతోనే తెలుపవచ్చును.

అచ్చువేసిన గుడ్డకును, చిటికి కట్టి నేసిన గుడ్డకును గల తారతమ్యము మన యిండ్లలో పిల్లలకు సహితము తెలియును. అచ్చుగుడ్డలో బొమ్మ ఒక వైపుననే స్ఫుటముగా నుండును. పుట్టపాక, చీరాలలలో నేసెడి తేలియా రుమాలునందన్ననో నూలునే ముందుగా ముడులు కట్టి రంగులో ముంచి పిమ్మట నేయుదురు. రంగు పోగులోనే యుండుటచే గుడ్డను తిరుగవేసినను చిత్రము చెడదు. నేలటైళ్ళ విషయమును ఇట్టిదే. గుజరాతులోని మోర్బీనుండి వచ్చు పూల సిరామిక్ టైళ్ళలో పెక్కింటిపై బొమ్మను యంత్రము సిరాతో ముద్రించును. గాజుపూతతోగూడ దానిని కాల్చుదురు. అది అచ్చుగుడ్డ. సిమెంటు పూలటైలులో రంగు సుమారు 3, 4 మిల్లీమీటర్ల లోతు వరకు పదార్థమునందే కలిసియుండును. అది చిటికి నేత. మొదటిది అరిగెనా, బొమ్మ పోవును. రెండవది అరిగిన కొలది నునుపెక్కును గాని బొమ్మ చెడదు.

ఈ టైళ్ళను ఆంగ్లేయులు ఎన్‌కాస్టిక్ అందురు. కాల్చి దింపినదని ఆ గ్రీకు మాటకు అర్థము. మధ్యయుగమున ఇంగ్లండులోని మఠములయందు పచ్చిమట్టి పలకలో బొమ్మను లోతుగా ఒత్తి, ఆ గుంటలో వేరు రంగు మట్టి నింపి కాల్చెడివారు. లండనులో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ సభామందిరమున 13వ శతాబ్దపు నేల నేటికిని చూడవచ్చును. మరుగుపడిన ఈ విద్యకు 1830లో శామ్యూల్ రైట్ అనునతడు క్రొత్త పద్ధతిపై హక్కు పొందెను. స్టోక్ నగరపు హెర్బర్ట్ మింటన్ దానిని గొప్ప పరిశ్రమగా వృద్ధిచేసెను. మింటన్ టైళ్ళు ఓడలపై బొంబాయికిని వచ్చినవి. బైకుల్లాలో 1872లో తెరవబడిన మ్యూజియమున, అనగా నేటి భావు దాజీ లాడ్ మ్యూజియమున, ఆ నేల కలదు. ఆ శతాబ్దమున బొంబాయి నగర నిర్మాణమందు రాళ్ళు మోసినవారిలో తెలుగు కామాఠీలు ఎందరో యుండిరనుటకు కామాఠీపుర మను పేరే సాక్ష్యము.

ఇంతకును మన యిండ్లకు చేరినది కాల్చిన టైలు కాదు. 19వ శతాబ్ది మధ్యమున దక్షిణ ఫ్రాన్సులోను, బార్సిలోనాలోను సిమెంటుతో, కొలిమి లేకుండ, అట్టి చిత్రములనే చేయుట నేర్చిరి. కాల్చని దానికి కాల్చినదాని పేరే నిలిచిపోవుట వింతయే. మన దేశమున ఈ పనికి స్వదేశీ ఉద్యమము తోడుపడినది. విదేశపు టైళ్ళకు దీటుగా ఇచ్చటనే చేయవలెనని 1922లో బొంబాయి సిధ్వా కుటుంబమువారు భారత్ టైల్సు సంస్థను నెలకొల్పిరి. వారి మొదటి కర్మాగారము ఉరణ్‌లో నుండెను. ఖద్దరునకు నూలు వడకిన దినములలోనే నేలకు స్వదేశీ టైలు పుట్టినదన్నమాట.

పని తీరు చూడదగినది. ఇనుప చట్రములో పలుచని ఇత్తడి పట్టీలతో చేసిన గళ్ళ అచ్చు నుంచుదురు. తెల్లసిమెంటు, పాలరాతి పొడి, ఖనిజపు రంగులు కలిపిన చిక్కని ద్రవమును ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు చొప్పున గరిటెతో పోయుదురు. అచ్చును మెల్లగా పైకి తీయగా రంగులు పక్కపక్కన అంటుకొనును గాని కలిసిపోవు. దానిపై పొడి సిమెంటు, ఇసుక చల్లి, వెనుక గట్టి పొర వేసి జలపీడన యంత్రముతో నొక్కుదురు. పిమ్మట నీటిలో నానవేసి నీడలో ఆరబెట్టుదురు. తమిళదేశమున కారైకుడి చేరువనున్న ఆత్తంగుడిలో యంత్రము కూడ లేదు. అచ్చట గాజుపలకపై పోయుదురు. ఆ గాజు నునుపే టైలునకు దిగును.

ఇక పరుచుట. ఇచ్చట నేతవాడు తాపీమేస్త్రీ కంటె ఒక మెట్టు పైననే యుండునని నా నమ్మకము; లెక్క మనదే గనుక. చీరకు ఒడలు, అంచు ఉన్నట్లు నేలకు నడుమ పువ్వు, చుట్టును అంచుటైలు, నాలుగు మూలల మూలటైలు ఉండును. సాధారణముగా నాలుగు టైళ్ళు చేరినగాని ఒక పువ్వు పూర్తికాదు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి, సందుతో కలిపి 8 అంగుళముల టైలు అడ్డమునకు 15, నిలువునకు 18, మొత్తము 270 పట్టును. చుట్టును ఒక వరుస అంచు వేసినచో లోన అడ్డమునకు 13 మిగులును. బేసి సంఖ్య గనుక ఒక ప్రక్క పువ్వులన్నియు సగమునకు తెగును. పడుగు పోగుల లెక్క తప్పి అంచు దగ్గర బుటా తెగిన చీరను ఏ నేతవాడు సంతకు పంపును? ఉపాయమేమనగా, పొడవు గోడల వెంట రెండు ప్రక్కల సగము టైలు మేర, అనగా 4 అంగుళములు, సాదాగా వదలవలెను. అప్పుడు అంచుతో గూడ 14, 18 అగును. లోన 12, 16. నలుబదియెనిమిది పువ్వులు నిండుగా వచ్చును. అంచునకు 56, మూలలకు 4, సాదా సగములకు 18 టైళ్ళు పట్టును. గడప యెదుట సాదాయే మేలు. పూలమీద ముగ్గు కనబడదు.

చిన్న గదిలో పువ్వు పెద్దదైనను బాధలేదు, రంగులు మూడింటికి మించరాదు. తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపులతోనే ఎంత నిండుగా కనబడునో తలచుకొనుడు. గోడలును, పరదాలును పువ్వులే అయినచో కన్నునకు విశ్రాంతి యుండదు. సాంచాల కొట్టమున మాత్రము ఈ టైళ్ళు వలదు. నూనె చుక్క పడినచోట సిమెంటు దానిని పీల్చుకొని నల్లబడును. అచ్చటికి షాబాదు బండలే తగినవి.

పసుపు, కుంకుమ, నూనె యనునవి వీనికి శత్రువులు. నిమ్మరసము, చింతపండు పులుసు పడిన వెంటనే తుడువవలెను. పులుపు సిమెంటును తినును. స్నానాల గదికి వాడు ఆసిడును నేలపై పోయుట దానిని చేతులార చెరుపుటయే. సందులలో రంగు సిమెంటు నింపుటకు ముందే సీలరు పూయవలెను. అయితే టైలు బొత్తిగా ఆరకముందు పూయరాదు. తేమ లోన చిక్కి తెల్లని ఉప్పు పైకి తేలును. భివండి వానలలో క్రింది అంతస్తునకు ఈ జాగ్రత్త మరింత అవసరము.

పాత యిండ్లను బాగుచేయువారు మాసిన సిమెంటు టైళ్ళను గునపముతో పెల్లగించి మెరుగు టైళ్ళు వేయించుట నాకు సమ్మతము కాదు. ఆ మాపు పైపైది. రంగు లోన నిలిచియున్నది. రాతిపాలిషు పట్టువానిచే నీళ్ళతో సన్నగా రుద్దించినచో తాతలు ఏరిన పువ్వు తేటగా బయటపడును. పగిలిన నాలుగింటికొరకు నేలనంతయు త్రవ్వనేల? మంచముక్రింద టైళ్ళను తీసి నడుమ వేసి, మంచముక్రింద సాదావి వేసినచో చాలును.

క్రొత్తవి కొనువారు లెక్కకు పైన పదిహేనైనను అధికముగా తీసికొని అటకపై భద్రపరుపవలెను. చేతిపని గనుక, ఒక తొట్టి రంగులో ముంచిన నూలు మరియొక తొట్టి నూలుతో కలియనట్లే, ఒక విడత టైలు వేరొక విడతతో కలియదు.