కంప్యూటరు నెట్‌వర్కులు: పిల్లకాలువ, పెద్దకాలువ

మంజీరపై 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నీరు మహబూబ్ నహరు, ఫతే నహరుల మీదుగా మెదకు పొలములకు పారును. కంప్యూటర్లలో సమాచారము కూడ ఇట్లే పారును.

ఒకే కార్యాలయములోని కంప్యూటర్లను, ప్రింటరును కలుపునది లాన్. ఇది పిల్లకాలువ. పట్టణమంతటికి విస్తరించినది మాన్. దూరపు ఊళ్ళను, రాష్ట్రములను కలుపునది వాన్. ఇది పెద్దకాలువ. ఇంటర్నెట్టు వీటన్నింటి కలయిక.

పెద్దకాలువ తెగినను పిల్లకాలువలో బావినీరు పారును గదా! అట్లే వాన్ తెగినను కార్యాలయములోని కాగితము అచ్చగును; 2016లో ప్రారంభమైన ఈ-నామ్‌లో దూరపు వర్తకుని ధర మాత్రము రాదు.

లాన్ చెడినచో అక్కడనే బాగుచేయవచ్చును. వాన్ తెగినచో మరమ్మతు ఎక్కడో జరుగవలెను. కావున రైతు సోదరులారా, గడువు గల దరఖాస్తును చివరి దినము వరకు ఆపవద్దు. గ్రామాధికారులు ఈ సంగతి అందరికి తెలుపవలెను.