పాలిష్‌కు ముందు ఒక స్పిరిట్ చుక్క

పాత చెక్క సామాను నల్లబడితే లోపం చెక్కలో ఉండడం అరుదు. ఏళ్ల తరబడి పట్టిన వంటింటి జిడ్డు, దీపం మసి, చేతి చెమట దుమ్ముతో కలిసి పైపూతను కప్పేస్తాయి. ధర్మపురి, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్లలో మిగిలిన టేకు ఊయల బల్లకైనా, తాతల నాటి సందుగకైనా మొదట కావలసింది గరుకు కాగితం కాదు, తుడుపు. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు ద్రవం కలిపి, నూలుగుడ్డ ముంచి గట్టిగా పిండి, చెక్క చార వెంట తుడవాలి. చెక్కడపు సందులకు పాత టూత్‌బ్రష్ చాలు. ఆ వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. చాలా సామాన్లకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

అయినా మెరుపు రాకపోతే, ముందు ఉన్న పూత ఏదో తెలుసుకోవాలి. కనబడని మూల స్పిరిట్ చుక్క వేస్తే జిగటగా మారేది లక్క పూత, అంటే ఫ్రెంచి పాలిష్. అలాగే ఉండిపోతే అది బహుశా వార్నిష్. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించే జిగురును శుద్ధి చేసి, రేకులుగా తీసి, స్పిరిట్‌లో కరిగించి ఈ పాలిష్ చేస్తారు. దీనిలో పెద్ద సౌకర్యం ఒకటుంది. కొత్త పూతలోని స్పిరిట్ పాత పొరను కాస్త కరిగించి తనతో కలుపుకుంటుంది. కనుక మొత్తం గీకేయడం తరచు వృథా శ్రమే. దూదిని నూలుగుడ్డలో మూటకట్టి, పాలిష్‌లో తడిపి, చెయ్యి ఆపకుండా పలచగా రుద్దాలి. ఆగితే మూట అక్కడే అంటుకుంటుంది. ఒక పొర ఆరాకే మరొకటి.

ఈ పనికి ఈశాన్య రుతుపవనాల అక్టోబరు, నవంబరు నెలలు మంచివి కావు. గాలిలో తేమ పట్టి పూత తెల్లబారుతుంది. వేడి గ్లాసు పెట్టిన చోట పడే తెల్ల వలయానికీ తరచు కారణం పూతలో చిక్కిన తేమే. స్పిరిట్ లేశంగా తగిలించిన గుడ్డతో లక్క పూతపై తేలిగ్గా రుద్దితే చాలావరకు పోతుంది.

వార్నిష్‌పై తేనె మైనం చాలు. మైనం ఉన్న పాత్రను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, పొయ్యి ఆర్పాకే టర్పెంటైన్ కలపాలి. సన్నని బెజ్జాల నుంచి పొడి రాలుతుంటే ముందు చెక్క పురుగుల మందు, తర్వాత లప్పం.

పూత లేని టేకుకు అవిసె నూనె పట్టిస్తే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకోగలవు. ఆరుబయట విప్పి ఆరేయండి.